పుంగనూరక్క ఇచ్చిన ఖాళీ తపేలా

పోయిన ఏడాది చింతకాయలు రాల్చే కాలంలో, ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండుంబావుకి, మా ఎదురింటి పుంగనూరక్క నా చేతికి ఖాళీ తపేలా ఇచ్చింది. ఈ పొద్దు అందులో రాగిసంగటి కెలుకుతుంటే అంచు తగిలి వేలు చురుక్కుమంది. వేలు నోట్లో పెట్టుకుని నిలబడ్డాను, ఆ ఆదివారమంతా కళ్ల ముందుకి వచ్చింది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. పుట్టింది పుంగనూరులో, బతికిందంతా మదనపల్లెలో. మిషన్ ఆసుపత్రి వంటింట్లో రోగులకి గంజి కాచీ కాచీ రిటైరైంది. నేను టమాటా మార్కెట్లో కాయలు ఏరే కూలికి పోయేదాన్ని. మా ఇద్దరికీ పడేది కాదు, ఒకరిని విడిచి ఒకరం ఉండేదీ కాదు. నా సంగటి గడ్డలు కడుతుందని ఆమె, ఆమె పులుసు ఆసుపత్రి పులుసని నేను. అరవై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. వాచకం బయట నేను మొదట కూడబలుక్కుని చదివింది ఆమె ఇత్తడి తపేలా మీద చుక్కలతో కొట్టించిన ఆమె పేరే. ఆ తరవాత వీధిలో ఎవరి గిన్నె ఎవరింట్లో తిరుగుతోందో నాకు తెలిసిపోయేది. అది కొందరికి నచ్చలేదు కూడా.

అక్క గుండె అలిసిపోయిందని, ఇక మందులతో బాగయ్యేది కాదని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కుప్పంలో ఉండే చెల్లెలు, ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే తీసుకుపోతానని వచ్చి కూర్చుంది. ఆమెది రెండు గదుల ఇల్లు, గిన్నెలకి చోటు లేదు. అక్కకి చావంటే దిగులు లేదు, గిన్నెలంటేనే దిగులు. తాను పోయాక తమ్ముడి కొడుకు వాటిని పాత సామాన్ల బండికి వేసేస్తాడని భయం.

"పొయ్యి మీద కాలాల్సిన గిన్నెలు మే అవి. కరగబోసేస్తే నా పానం ఊరుకోదు," అనింది.

అందుకని గురువారం గిన్నెలన్నీ వసారాలో పెట్టి పంచింది. మా వైపు గిన్నె ఒకింటి నుంచి ఇంకో ఇంటికి ఖాళీగా పోదు. అక్క కూడా ఊరికే ఇవ్వలేదు. టైలరప్ప భార్యకి డేగిసా నిండా చెనక్కాయలు, మూలింటి బీబమ్మకి కంచు గిన్నెలో బెల్లం, నాకు తపేలా నిండా రాగిపిండి పోసి ఇచ్చింది. మేం సంతోషంగా మోసుకుపోయాం.

శుక్రవారం నుంచి గిన్నెలు తిరిగి రావడం మొదలైంది. డేగిసాలో అనపకాయలు వచ్చాయి, కంచు గిన్నెలో ఖర్జూరాలు వచ్చాయి. నేను పిండి డబ్బాలో పోసుకుని, తపేలా తోమి, టమాటాలు నింపి అక్క గడప మీద పెట్టి వచ్చాను. నింపిన గిన్నె వస్తే నింపి పంపాలి కదా. చెయ్యి తనంతట తనే ఆ పని చేసేసింది.

శనివారం సాయంత్రం అక్క అందరినీ కేకేసింది.

"ఏందిమే ఇది? పంచితే ఇల్లు ఖాళీ అవుతాదనుకుంటి. ఇప్పుడు సూడు, పెండ్లిల్లు అయి కూసునింది!"

"వట్టి గిన్నె యాడన్నా తిరిగిస్తారా అక్కా?" అనింది టైలరప్ప భార్య.

"అసలు తిరిగియ్యమని ఎవురు సెప్పినారు? ఇచ్చేసినానంటే అర్థం కాలేదా?"

బీబమ్మ తల వంచుకుంది. "రేపెప్పుడైనా నువ్వు కుప్పం నుంచి వస్తే దేంట్లో వండుకుంటావక్కా?"

చెల్లెలు గోడ వైపు తిరిగింది. గిన్నెలు ఈడుంటే మనిషి వస్తుందని అందరి మనసులోనూ ఉంది. నాకు నాజూకు మాటలు రావు.

"ఆమె రాదు బీబమ్మా," అన్నాను. "అక్కా, నువ్వు నింపి ఇస్తివి, మేం నింపి తెస్తిమి. ఖాళీగా ఇయ్యి. తిరిగి తెచ్చేదానికి మాకు దారుండదు."

టైలరప్ప భార్య చెంపలేసుకుంది. ఖాళీ గిన్నె చేతిలో పెట్టడమంటే మా వైపు తెగతెంపులు చేసుకోవడమే. అక్క నన్ను చూసి, ఆయాసం వచ్చేదాకా నవ్వింది.

"నీది నోరు కాదు మే, కత్తిపీట. అయినా సక్కంగా తెగింది."

మరుసటి రోజు చర్చి నుంచి తెల్లచీరలోనే వచ్చి వసారాలో కూర్చుంది. ఒక్కో గిన్నెనీ బోర్లించి దులిపి, లోపల కొంగుతో తుడిచి ఇచ్చింది. బీబమ్మ ఏడుస్తూనే ఖర్జూరం నములుతోంది. ఆటో అప్ప, "అమ్మా, బస్సు పోతాది!" అని హారన్ కొడుతున్నాడు. చివర నా వంతు వచ్చింది.

"దీంట్లో ఏమీ లేదు సూడు. నువ్వు నాకు తిరిగియ్యాల్సిందీ ఏమీ లేదు. గడ్డలు కట్టకుండా కెలుకు, సాలు."

"నీ పేరుండాదే దీని మీద?"

"ఉండనీలే. సదువుకో."

వానలు పడకముందే అక్క కుప్పంలో కన్ను మూసింది. గిన్నెలు మాత్రం ఒక్కటీ బండి ఎక్కలేదు, రోజూ పొయ్యి మీద కాలుతున్నాయి. నా సంగటి ఇంకా గడ్డలు కడుతూనే ఉంది.

ఆ ఆదివారం ఆ వసారాలో ఉన్నది అక్క, కుప్పం చెల్లెలు, టైలరప్ప భార్య, మూలింటి బీబమ్మ, నేను, గేటు దగ్గర ఆటో అప్ప. కాలం వచ్చి మా అందరి దగ్గరా గిన్నె అడుగుతుంది. అక్క మాత్రం అది అడగకముందే తుడిచి సిద్ధంగా పెట్టింది.