కప్పు గెలిచిన గడ్డం

మా ఆయన చేసిన తప్పల్లా గెలవడం. ఓడిపోయినన్నాళ్ళూ ఆయన జోలికి ఎవరూ రాలేదు. పగలంతా రేవులో సరుకు లెక్క రాసుకునే గుమాస్తా, సాయంత్రమైతే కూలీ కుర్రాళ్ళని పోగేసి బంతి తన్నించే పిచ్చివాడు, అంతే. రంగూన్‌ని అప్పట్లో మావాళ్ళు రంగం అనేవారు. విశాఖపట్నం, గంజాం వైపునుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే సేక్కాన్ రేవు నిండా ఉండేవారు. ఆ రేవు జట్టు పందొమ్మిదివందల ఇరవైల్లో ఒక వానాకాలం ఊళ్ళో జట్లన్నిటినీ ఓడించి కప్పు పట్టుకొచ్చింది. బూట్లు తొడుక్కున్న దొరల జట్టు కూడా మా బోసికాళ్ళ వాళ్ళ చేతిలో ఓడింది. దానికి మేనేజరు మా ఆయన. ఆ రోజునుంచి మా ఇంట్లో వేడన్నం తిన్నవాళ్ళు లేరు.

తామ్వే పేటలో మాది రెండు గదుల చెక్క ఇల్లు. పొద్దున్న నేను పొయ్యి ముట్టించేసరికే మెట్లమీద మేస్త్రీలు కూచునుండేవారు. మేస్త్రీ అంటే కూలీల ముఠాకి పెద్ద. ఎవరి ముఠా కుర్రాడు వాళ్ళకి బంగారం. ఒకాయన కుర్రాడు ఎడంకాలితో తంతే కొబ్బరికాయ పగులుతుందట. ఇంకొకాయన మేనల్లుడు మొన్ననే ఓడ దిగాడు, బంతి అంటే ఏమిటో తెలీదు గానీ పరుగులో గుర్రమట. ఊళ్ళో లత అనే బజారుపేటలో బట్టల కొట్టున్న షావుకారు జట్టుకి చొక్కాలు కుట్టించి, గోలు కొట్టే కుర్రాణ్ణి సాయంత్రాలు కాస్త తన కొట్టు ముందు నిలబెట్టమని కబురంపాడు. మా ఆయన అందరికీ మర్యాదగా తలూపేవాడు. లోపలికొచ్చి నామీద విసుక్కునేవాడు.

ఆట ముందురోజు మాకు కూర యోగం ఉండేది కాదు. నేను తెచ్చిన వంకాయలు నేలమీద బారులు తీరి ఉండేవి. ఆయన వాటిని ముందుకీ వెనక్కీ జరుపుతూ తనలో తను గొణుక్కునేవాడు. నేను చెయ్యి పెట్టబోతే, "దాన్ని కదపకే, అది గోల్‌కీపరు" అని అరిచేవాడు. ఒకరోజు ఒళ్ళుమండి ముందు వరసనంతా కోసి పులుసు పెట్టేశాను. నాతో మాట్లాడ్డం మానేసి, మూతి ముడుచుకునే కూచుని, పులుసు మాత్రం మళ్ళీ మళ్ళీ వేయించుకుని తిన్నాడు.

ఇక గడ్డం సంగతి. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు క్షౌరం చేయించుకోకూడదని మావైపు ఆచారం. కొందరు నెల తప్పిన దగ్గర్నుంచే మానేస్తారు, కొందరు అయిదో నెల వస్తేగాని మానరు. కప్పు గెలిచిన ఏడు నాకు తొలిచూలు. వానాకాలం సముద్రం, ఓడెక్కొద్దని పుట్టింటికి పంపలేదు. అయిదో నెలనుంచి మా ఆయన గడ్డం పెంచాడు. గడ్డం పెరుగుతోంది, జట్టు గెలుస్తోంది. ఈ రెంటికీ సంబంధం ఉందని అప్పుడెవరికీ తోచలేదు. కప్పు ఇచ్చేరోజు దొర వస్తాడు, ఫొటో తీస్తారు, కాస్త మనిషిలా కనబడమని జట్టు పెద్దలు చెప్పారు. ఈయన నున్నగా గీయించుకుని వెళ్ళి, కప్పు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత కొద్దిరోజులకే నాకు నొప్పులొచ్చాయి. మగపిల్లాడు. పట్టుమని రెండు రోజులు కూడా నిలవలేదు.

గీయించుకున్నందుకే పిల్లాడు పోయాడని ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. అనుకుంటున్నాడని నాకు తెలుసు. ఊరివాళ్ళు పటం కట్టించి తెచ్చిన ఆ ఫొటోని ఆయన గోడకి తగిలించనివ్వలేదు, ట్రంకుపెట్టె అడుక్కి తోసేశాడు. నాకు అలాంటి నమ్మకాలు లేవు. పసివాడి ప్రాణానికీ ఈయన వెంట్రుకలకీ ఏం సంబంధమని గట్టిగా కేకలెయ్యాలనిపించేది. కానీ ఆ మొహం చూస్తే నోరు వచ్చేది కాదు. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం ఏడుస్తుండగానే మళ్ళీ వానలు పట్టుకున్నాయి, మళ్ళీ ఆటలు మొదలయ్యాయి.

మొదటి ఆటలో ఎవరూ గెలవలేదు. రెండోది ఓడారు. ఊరంతా తల పట్టుకుని కారణం వెతికింది. ఎవరికి తట్టిందోగానీ, "పోయినేడు గుమాస్తా బావుకి గెడ్డం ఉండీది కదేటి!" అన్నారట. ఇంకేం! రేవులో, బజార్లో, భజనలో అదే మాట. మా మంగలైతే కత్తి మడిచి సంచిలో పెట్టేశాడు.

"నా సెయ్యి ఆడదు బావూ. రేపు కప్పు పోతే ఊరోళ్ళు నన్ను బతకనిస్తారేటి?" అన్నాడు.

"గెడ్డం బంతాట కోసం పెంచీది కాదురా," అన్నాడు మా ఆయన.

పట్టుదలకి పోయి, ట్రామెక్కి లత దాకా వెళ్ళి చీనా మంగలి దగ్గర గీయించుకొచ్చేవాడు. అతనికి మా భాష రాదు, మా బంతి గొడవ అంతకంటే పట్టదు. ఆ కుర్చీలో కూచున్న కాసేపే ఈయనకి ప్రశాంతం. నున్నటి బుగ్గలతో వీధిలోకి వస్తుంటే మాత్రం జనం మొహాలు తిప్పుకునేవారు. గెలిచాక పొగరెక్కిందన్నారు, ఒక్క గడ్డం పెంచడానికి ఏం అరిగిపోతుందన్నారు. కిందటేడు భుజాలమీద ఊరేగించింది కూడా వీళ్ళే.

సరిగ్గా అప్పుడు నాకు మళ్ళీ నెల తప్పింది. చెప్పడానికి నాలుగు రోజులు జంకాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లతకి బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర ఆపి చెప్పాను. తువ్వాలు తీసి దండెంమీద వేశాడు. అక్కడే గుమ్మంలో చతికిలబడ్డాడు.

"ఎవులికీ సెప్పకే," అన్నాడు.

నేనెందుకు చెబుతాను? నాకు మాత్రం భయం లేదా? గడ్డాన్ని నమ్మనన్నానుగానీ దిష్టిని నమ్మనని అనలేదు. ఆయన అయిదో నెల దాకా ఆగలేదు, ఆ రోజునుంచే కత్తి ముట్టలేదు.

వారం తిరిగేసరికి ఊరికి ఆయన బుగ్గలమీద నలుపు కనబడింది. ఎంత సంబరమో! మా మెట్లమీద కొబ్బరికాయలు కొట్టారు. "నాను సెప్తే ఇన్నాడు," అని మంగలి ఊరంతా చాటుకున్నాడు. నిజానికి మా ఆడవాళ్ళకైనా అనుమానం రావాలి. వంటింట్లో నా వాంతులు కూడా వాళ్ళకి వినబడలేదు, అందరికీ బంతి పూనింది. గడ్డం కప్పు కోసమేనని అందరూ గట్టిగా నమ్మారు కాబట్టి మా గుట్టు బయటపడలేదు. వాళ్ళు చేతులు నలుపుకుంటూ, "ఇంకాస్త పెరగాలండి" అని గడ్డం వంక మురిపెంగా చూస్తుంటే, నేను కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయేదాన్ని. పిల్లాడు పోయాక నేను నవ్వడం అదే మొదలు.

ఒక ఆట గెలిచారు. ఊరు ఊగిపోయింది. ఆ తర్వాత వరసగా ఓడటం మొదలుపెట్టారు. ఆటకి నేను వెళ్ళేదాన్ని కాదు, సందులోకి జనం తిరిగొచ్చే తీరునిబట్టే ఫలితం తెలిసేది. డప్పు మోగితే గెలుపు. చెప్పుల చప్పుడు ఒక్కటే వినబడితే ఓటమి. ఆ వానల్లో చెప్పుల చప్పుడు వినీ వినీ నాకు విసుగొచ్చింది.

ఊరు మళ్ళీ తల పట్టుకుంది. ఈసారి దోషం గడ్డంలోనే దొరికింది. పోయినేటి గడ్డం నల్లగా, గుండ్రంగా ఉండేదట. దీన్లో తెల్లవెంట్రుకలున్నాయట, ఒక పక్కకి వాలిందట. ఇది శని గడ్డమని తేల్చేశారు. కత్తి మడిచిపెట్టిన మంగలే పొద్దున్నే కత్తి నూరుకుంటూ వచ్చి, ఊరికే గీస్తానని మెట్లమీద కూచున్నాడు. మా ఆయన అతనికి టీ ఇచ్చి పంపేశాడు.

చివరికి ఒక ఆదివారం పెద్ద మేస్త్రీ జనాన్ని వెంటేసుకుని మా ఇంటికొచ్చాడు. వచ్చే ఆట దొరల జట్టుతో. అదీ ఓడితే కప్పుమీద ఆశ వదులుకోవడమే. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"సూడు బావూ. నువ్వంటే మాకు గౌరవం. గెడ్డం తీసెయ్యి, నేకపోతే మేనేజరీ ఒగ్గెయ్యి. రెండింట్లో ఏదో ఒకటి," అన్నాడు పెద్ద మేస్త్రీ.

ఆ ఆట ఆయనకెంతో నాకు తెలుసు. కుర్రాళ్ళకి జ్వరమొస్తే నాచేత గంజి కాయించి మోసుకెళ్ళిన మనిషి. పెద్దవాళ్ళంతా అలా నిలదీస్తుంటే ఒప్పుకుంటాడనుకున్నాను. లేకపోతే అసలు కారణం చెప్పేస్తాడనుకున్నాను. చెబితే అందరూ చల్లబడి ఇంటికి పోయేవారు, నా కడుపు సంగతి మాత్రం ఊరికంతా తెలిసిపోయేది. బయటికెళ్ళి, తీసెయ్యండి, నాకేం పట్టింపు లేదు అని చెప్పేద్దామని తలుపుమీద చెయ్యి వేశాను.

ఆయన లేచి మేకుకి వేలాడుతున్న ఈల తీశాడు. బంతులు పెట్టే గది తాళంచెవి తీశాడు. రెండూ పెద్ద మేస్త్రీ చేతిలో పెట్టాడు.

"ఒక గెడ్డం కోసం ఇంత పేరూ ఒగ్గేస్తావేటి?" అన్నాడు మేస్త్రీ. పాపం, ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

"అవునండి," అన్నాడు మా ఆయన.

అందరూ వెళ్ళాక లోపలికొచ్చాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. "అంత ఇష్టమైన ఆటని ఒగ్గేశారేటండీ, నన్నొక్క మాట అడక్కుండా!" అన్నాను.

"పోయినసారి కప్పు నానెత్తుకున్నాను," అన్నాడు. "ఈసారి ఎవులైనా ఎత్తుకోనీ."

దొరల జట్టుతో ఆటకి కొత్త మేనేజరు నున్నగా గీయించుకుని వెళ్ళి మరీ ఓడిపోయాడు. ఊరు అప్పుడు బంతిని అనుమానించడం మొదలుపెట్టిందట. మేం పట్టించుకోలేదు. మాకు మా లెక్కలున్నాయి, మా భయాలున్నాయి. రోజూ పొద్దున్నే లేచి ఆయన నా మొహం చూసేవాడు, నేను ఆయన గడ్డం చూసేదాన్ని.

వేసవిలో ఆడపిల్ల పుట్టింది. మొదటి రెండు రోజులూ మేమిద్దరం దాని ఊపిరి వింటూ కూచున్నాం. పురిటిస్నానం నాటికి మంగలి వచ్చి, కత్తీ గిన్నే సర్దుకుని మెట్లమీద కూచున్నాడు. ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తున్న పని కదా. మా ఆయన పిల్లని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. దాని గుప్పిట్లో ఆయన గడ్డం ఇరుక్కుని ఉంది. నొప్పికి కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, అయినా కదలడు.

"మంగలొచ్చాడు, ఎల్లండి. ఇంక తీయించుకోవచ్చు కదా," అన్నాను.

"ఉండవే," అన్నాడు. "ముందు దీన్ని గెడ్డం ఒగ్గనీ."