సూతకం రోజుల్లో నేసిన బట్ట

2023 వానాకాలం. ముంబై పక్కన భివండీ, అంజూర్ ఫాటా. కింద టైర్ల దుకాణం, పైన మా ఆఫీసు. మాది ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పని. విదేశాలకు సరుకు పంపేవాళ్లకు కావలసిన కాగితాలన్నీ తయారుచేసి పెడతాం. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, ఇట్లాంటివి. అప్పటికి పద్నాలుగేళ్లుగా అదే కుర్చీలో కూర్చుంటున్నాను. ఇది చెప్పుకోదగ్గ ఉద్యోగమని ఎవరూ అనుకోరు. మా ఆడపడుచు నేను టైపిస్టునని చుట్టాలందరికీ చెప్పింది. నేనూ దిద్దలేదు, దిద్దాలంటే ఇదంతా వివరించాలి.

ఆ రోజుల్లో మా పనిలో ఒక కొత్త తలనొప్పి మొదలైంది. అంతకుముందు యూరప్‌కు ఒక రకం కాగితాలు, అమెరికాకు ఒక రకం కాగితాలు పోయేవి. ఒకరికి నచ్చని సరుకును రెండోవారికి పంపుకునే వీలుండేది. తర్వాత ఆ రెండు వైపుల ప్రభుత్వాలూ వర్తకం గురించి, టెక్నాలజీ గురించి కలిసి కూర్చుని మాట్లాడుకుంటున్నాయని వార్తల్లో చదివాం. నాకేం పట్టిందని పేజీ తిప్పేశాను. కొన్నాళ్లకు అది మా బల్ల మీదికే వచ్చింది. సముద్రానికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఉన్న కొనుగోలుదార్లు రేపు ఒకే చట్టం ఎట్లాగూ తప్పదని ముందే జాగ్రత్తపడి, ఇద్దరూ కలిసి ఒకే ట్రేసబిలిటీ ఫారం పెట్టుకున్నారు. పత్తి ఎక్కడిది, నూలు ఎక్కడ వడికారు, బట్ట ఏ కార్ఖానాలో, ఏ రోజు ఎన్ని మీటర్లు నేశారు, ఎవరు నేశారు, అన్నీ అందులో నింపాలి. దాన్ని మనిషి కంటే ముందు కంప్యూటర్ చదువుతుంది. అది అనుమానపడితే ఇద్దరు కొనుగోలుదార్ల తెర మీదా ఒకేసారి ఎర్ర గుర్తు పడుతుంది.

మావాళ్లందరూ మామ అని పిలిచే రాజేశం మా దగ్గరికి వచ్చింది అప్పుడే. వరాలా తలావ్ వెనక ఆయన కార్ఖానా. వాళ్ల నాయన సిరిసిల్ల నుంచి వచ్చి పెట్టింది. పదహారు సాంచాలు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. అన్నేళ్లుగా ఆయన నేసింది పరాయివాళ్ల నూలు, పరాయివాళ్ల పేరు మీద పోయే బట్ట. మొదటిసారి సొంత పేరుతో ఆర్డర్ దొరికింది. వంటింటి తువ్వాళ్ల బట్ట, ఒక కంటైనర్‌కు సరిపడేంత. సగం హాలండ్‌కు, సగం అమెరికాకు.

ఆ ఆర్డర్ ఆయనకు ఎంత అవసరమో నాకు తెలుసు. ఆయన గల్లీలో నాలుగు కార్ఖానాలు మూతపడి గోదాములైపోయాయి. సాంచాలను విరగ్గొట్టి తూకానికి అమ్ముకున్నారు. మామ దగ్గర పనిచేసే తొమ్మిది మందిలో ఇద్దరు పక్కనే ఉన్న పూర్ణ అనే ఊళ్లో గోదాము పనికి మాట్లాడుకుని కూడా, ఆయన ముఖం చూసి ఆగారు.

"గిది నడిస్తె సాంచాలుంటయి బిడ్డా. లేకుంటె నేను గూడ తుక్కుకేసుడే," అన్నాడు మామ, సంతకాలు పెడుతూ. ఏడుపు గొంతేం కాదు, రేపు వాన పడుతుందన్నట్టు చెప్పాడు.

బట్ట నేస్తుండగానే మామ చిన్నాయన పోయాడు. నేనూ మా ఆయనా పరామర్శకు వెళ్లాం. కార్ఖానా ఇంటిని ఆనుకునే ఉంటుంది. రోజూ ఆ చప్పుడులో మాటలు అరిచి చెప్పుకోవాల్సిన ఇంట్లో, ఆ రోజు చిన్నగా మాట్లాడినా వినబడింది. మామ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. నేను టీ కూడా తాగకుండా వచ్చేశాను.

ఇంత చూసినదాన్ని, నెల తిరిగాక ఫారం ముందు కూర్చుని ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రోజువారీ ఉత్పత్తి పట్టికలో పదకొండు గళ్లు ఖాళీగా ఉన్నాయి. పనివాళ్లను చూసుకుంటూ చిట్టీలు రాసే ముకాదం మర్చిపోయి ఉంటాడనుకున్నాను. వాళ్లు వారానికోసారి మర్చిపోతారు, మేము సగటు తీసి నింపుతాం, ఆ పని ఈ ఊళ్లో అన్ని ఆఫీసుల్లోనూ ఉన్నదే. మొత్తం మీటర్లను రోజులతో భాగించి ఆ పదకొండు గళ్లలో అంకెలు వేసేశాను. వేరే యూనిట్‌లో ఏ పనైనా జరిగిందా అన్న చోట లేదని పెట్టాను. ఆ రోజుల్లో సాంచాలు ఆగి ఉండగా నా కళ్లతో చూశానని ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు.

సరుకు ఓడలో ఉండగా కొనుగోలుదార్ల నుంచి మెయిల్ వచ్చింది. మీరు చూపిన మీటర్లు నేయడానికి కావలసిన కరెంటు, ఫారానికి జతచేసిన మీ బిల్లు ప్రకారం కాలలేదు, తేడా మూడో వంతు దాకా ఉంది, వివరణ ఇచ్చేదాకా సరుకును నిలిపి ఉంచుతున్నాం. హాలండ్ ఆఫీసు పేరు, అమెరికా ఆఫీసు పేరు రెండూ కిందే ఉన్నాయి. వివరణ నచ్చకపోతే కార్ఖానా పేరును జాబితాలోంచి తీసేస్తారు, అది ఇద్దరికీ ఒకటే జాబితా.

ఆ మధ్యాహ్నమే రిక్షా పట్టుకుని వరాలా తలావ్ వెళ్లాను. మామ విన్నాడు. దాయడానికేం ప్రయత్నించలేదు.

"గా దినాలల్ల మా కార్ఖానాల నెయ్యలే గద. సూతకముండె. బీములన్నీ టెంపోల ఏసి గంగాధర్‌కు తోలిచ్చిన. ఆడ నేసిన్రు."

బీమంటే పడుగు నూలు చుట్టిన పెద్ద రోలరు. గంగాధర్ అంటే మామ బామ్మర్ది, మామ భార్య లక్ష్మత్తకు తమ్ముడు. రెండు గల్లీల అవతల ఆయనకూ కార్ఖానా ఉంది.

"మరి నాకు చెప్పొద్దా మామా?"

"చెప్పనీకేముంది? గది ఎప్పుడు గట్లనే నడుస్తది. నువ్వు అడగలే."

నిజమే, నేను అడగలేదు. మావాళ్లలో ఇంటిపేరు ఒకటైనవాళ్లందరికీ సూతకం. పదకొండో రోజు దాకా సాంచా ముట్టుకోరు. కానీ వ్యాపారి గడువు చావు కోసం ఆగదు. అందుకని బీములు వియ్యంకుడి దగ్గరికో బామ్మర్ది దగ్గరికో పోతాయి. వాళ్ల ఇంటిపేరు వేరు, వాళ్లకు సూతకం ఉండదు. మళ్లీ వాళ్లింట్లో ఎవరైనా పోతే వాళ్ల బీములు ఇటొస్తాయి. నేను పుట్టిందీ ఆ ఇళ్లలోనే. మా నాన్న బీములు మా మేనమామ కార్ఖానాకు పోవడం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో.

మామ, "మీటర్ ఖరాబైందని రాసెయ్ బిడ్డా. కరెంటోళ్ల కాగజ్ నేను తెప్పిస్త. గీడ గదేమంత కష్టం గాదు," అన్నాడు.

అది కష్టం కాదని నాకూ తెలుసు. నన్ను అడిగితే ఆ రోజు సగం మనసు దానికే ఒప్పుకుంది. కాగితంలో తప్పు ఆయనది కాదు, నాది. ఇంకో దొంగ కాగితం పెడితే నా తప్పు కనబడకుండా పోతుంది. కానీ అది కూడా దొరికితే, పోయేది ఆయన కార్ఖానా.

"మామా, ఆ అంకెలు నేనేసినవి. సాంచాలు ఆగింది చూసి కూడా మర్చిపోయి వేసిన. నిజం చెప్తేనే నయం. నా తప్పని నేనే చెప్త," అన్నాను.

మామ నా వైపు చూసి, "నీ కొలువుకేం గాదు గద?" అన్నాడు.

రెండు రోజుల తర్వాత సాయంత్రం వీడియో కాల్. మనకు సాయంత్రం, హాలండ్‌లో మధ్యాహ్నం, అమెరికాలో పొద్దున. ఒక తెర మీద ఇద్దరు. హాలండ్ నుంచి ఒక నడివయసు మేడం, అమెరికా నుంచి కాఫీ కప్పు పట్టుకున్న ఒక సార్. కంప్లయన్స్ వాళ్లు, అంటే నియమాలు పాటించారా లేదా అని చూసేవాళ్లు. మా వైపు మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఆయన తెలుగును నేను ఇంగ్లీషులో చెప్పాలి. ముందుగా నా తప్పు చెప్పేశాను. మేడం రాసుకుంది. తర్వాత సూతకం గురించి చెప్పాను. ఇంగ్లీషులో చెబుతుంటే అదేదో కట్టుకథలా నాకే అనిపించింది. మేడం మాత్రం శ్రద్ధగా విని, వాళ్ల అమ్మమ్మ ఊళ్లో కూడా చావు జరిగితే కొన్నాళ్లు పనులు మానేసేవారని చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు సార్ అడిగాడు, ఆ నేత పనికి గంగాధర్‌కు ఎంత ఇచ్చారని.

మామకు తెలుగులో చెప్పాను. మామకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు.

"పైసలా? గంగాధర్‌కా? చావింట్ల పనికి పైసలెవలు దీస్కుంటరు బిడ్డా?"

నేను తర్జుమా చేశాను. తర్వాత మేడం మెల్లగా చెప్పింది. పని జరిగింది, కూలి ఇవ్వలేదు, ఒప్పందం లేదు, బిల్లు లేదు. ఇట్లాంటి పనికి మా ఫారంలో ఒక్కటే గడి ఉంది, బలవంతపు చాకిరీ. గంగాధర్ పనివాళ్లకు కూలి గంగాధరే ఇచ్చాడని చెప్పాను. దానికి రుజువు పెట్టండి, కానీ గంగాధర్‌కు ఎవరిచ్చారో కూడా కావాలి అన్నాడు సార్. ఆయన కఠినంగా ఏం మాట్లాడలేదు. మేమిద్దరం ఒకే నియమం మీద ఒప్పుకున్నాం, ఇక్కడ నేనొక్కడిని సడలించలేను అన్నాడు. రెండు ఖండాలు అన్ని విషయాల్లోనూ కొట్టుకుంటాయంటారు, ఈ ఒక్క గడి దగ్గర ఎంత చక్కగా కలిశాయో అనుకున్నాను. వారం గడువు. గంగాధర్ కార్ఖానా పేరుతో బిల్లు, బ్యాంకు ద్వారా చెల్లింపు, ఇష్టపూర్వకంగా చేశానని ఆయన సంతకం. ఆ కార్ఖానాను రెండో యూనిట్‌గా ఫారంలో చేర్చాలి. అంతే.

కాల్ అయ్యాక మామ అన్నాడు, "ఆన్ని గిది నేనడగ. నా నోటికి రాదు."

అడగడానికి నేను, లక్ష్మత్త వెళ్లాం. గంగాధర్ అన్న సాంచా ఆపి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, నేను చెప్పిందంతా విన్నాడు.

"బిల్లేంది? నేను కూలికి నేసిన్నా?"

"కాదన్నా. కాగితం కోసమే."

"కాగితం కోసమైతె గా కాగితంల ఉన్నదున్నట్టు రాయి. మా బావ చిన్నాయన సచ్చిండు, నేను నేసిన. దానికి గడి లేదా?"

"లేదన్నా."

"మరి గదేం కాగితం?"

లక్ష్మత్త అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. లోపలికి వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది.

"తమ్మీ, నువ్వు జేసింది నాకెరుక. మీ బావకెరుక. ఈ సంతకం పెడ్తె నీది తక్కువైతదా? పెట్టకుంటె ఆయన సాంచాలు వోతయి. తొమ్మిది మంది వోతరు. నేనేం జెయ్యాల్నో నువ్వే చెప్పు."

గంగాధర్ అన్న నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. బిల్లులో ఎంత రాయాలని అడిగాను. "నీ ఇష్టం," అన్నాడు. బజారు రేటు ఎంతుందో అంత వేశాను. ఆయన చూడకుండానే సంతకం పెట్టి, సాంచా దగ్గరికి వెళ్లిపోయాడు. బయటికి వచ్చాక లక్ష్మత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన పడుతుండటంతో నేను గమనించనట్టే నడిచాను.

నాలుగు రోజులకు ఎర్ర గుర్తు పోయి పచ్చ గుర్తు పడింది, రెండు చోట్లా ఒకేసారి. సరుకు దిగింది. హాలండ్ మేడం ప్రత్యేకంగా మెయిల్ పెట్టి, నిజం చెప్పినందుకు ధన్యవాదాలు తెలిపింది. మామకు రెండో ఆర్డర్ వచ్చింది, మూడోదీ వచ్చింది. తొమ్మిది మందీ అక్కడే ఉన్నారు. మా ఆఫీసులో నన్ను కొంచెం మందలించి వదిలేశారు. అప్పటినుంచి నేను సగటు తీసి గడి నింపడం మానేశాను. ఫారం తెరిచే ముందు నా అంతట నేనే ఒక ప్రశ్న అడుగుతాను, ఈ మధ్య మీ ఇంటిపేరులో ఎవరైనా పోయారా అని. కొత్తవాళ్లు ఎగాదిగా చూస్తారు. కారణం చెప్పాక, అవునమ్మా ఫలానా వాళ్లు పోయారు, బీములు ఫలానా చోటికి తోలించాం అంటారు. బీములు తోలించే ముందే ఒప్పంద కాగితం రాయించుకోండి అని చెబుతాను. ఈ కేసు నాకు నేర్పింది అదే, మా పనిలో కొత్తగా చేరిన పిల్లలకూ అదే చెబుతున్నాను.

పోయినేడు గంగాధర్ అన్న వాళ్ల పెదనాయన చనిపోయాడు. వరస ప్రకారం ఈసారి గంగాధర్ అన్న బీములు రాజేశం మామ దగ్గరికి రావాలి. మామ నాలుగు సాంచాలు ఖాళీ చేసి పెట్టాడు. మూడు రోజులు చూశాడు, టెంపో రాలేదు. నాలుగో రోజు తానే వెళ్లి అడిగాడట.

"వద్దు బావ. మల్ల బిల్లు రాసుడు, సంతకాలు, గదంతెందుకు. ఆగితె ఆగనీ," అన్నాడట గంగాధర్ అన్న. కోపంగా కూడా అనలేదట. కోపంగా అంటే బాగుండేదని మామ నాతో అన్నాడు.

ఆ పదకొండు రోజులూ గంగాధర్ అన్న సాంచాలు ఆగే ఉన్నాయి. ఆ నెల ఫారం నింపేటప్పుడు రెండో యూనిట్ పట్టికలో ఆ రోజులకు ఎదురుగా సున్నాలు వేస్తూ వచ్చాను. కరెంటు బిల్లుతో సరిపోయింది. పచ్చ గుర్తు వెంటనే పడింది. నాకు ఏడుపొచ్చింది.