నిండుగా తిరిగొచ్చే నీళ్ళసీసా

మా పాప బడినుంచి రాగానే సంచీలోంచి నీళ్ళసీసా తీసి సింకు పక్కన పెడుతుంది. మూత తిప్పితే, పుస్తకాల మధ్య పగలంతా మగ్గిన నీళ్ళ వాసన, కొంచెం ప్లాస్టిక్కు, కొంచెం డబ్బాలోని పులిహోర కలిసిన వాసన, గుప్పుమంటుంది. పొద్దున నేను నింపినవి నింపినట్టే ఉంటాయి. ఈ వారమంతా ఆ నీళ్ళు తులసికుండీలో పారబోసి, పళ్ళు నూరుకుంటూ, అరపేజీ రాయడానికి కూర్చుంటున్నాను. కోడంబాక్కంలో పాప చదివే బడికి ఒక పాలకమండలి ఉంది. అందులో తల్లిదండ్రుల తరఫున ఒకరుండాలట. నిలబడదలచినవాళ్ళు తమ గురించి అరపేజీ రాసి, శనివారం కూటంలో అందరిముందూ చదవాలి, ఆ తర్వాత ఓట్లు. ‘మీ మధురమైన బాల్యజ్ఞాపకం ఒకదానితో మొదలుపెడితే బాగుంటుంది’ అని ఆఫీసు నుంచి సలహా కూడా వచ్చింది. మధురమైనదట! ఏరికోరి నన్నే అడిగారు.

సరే, తీయగానే మొదలుపెడదాం. మాది వ్యాసర్పాడి. తాతగారి కాలంలో నెల్లూరు వైపు నుంచి ఈ అరవదేశానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయినవాళ్ళం. నాన్నకు పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పని. సాయంత్రం ఆయన చొక్కా విప్పితే ఇల్లంతా ఇంజను నూనె వాసన. ఐప్పసి నెలలో, దీపావళినాటి వానలకు బడి వరండాలో మడమలు మునిగే నీళ్ళు నిలిస్తే, చెప్పులు చేత్తో పట్టుకుని, సంచులు నెత్తిన పెట్టుకుని, కావాలనే జారిపడి నవ్వుకునేవాళ్ళం. చవితి మర్నాడు అమ్మ అరిటాకు ముక్కలో చుట్టిపెట్టిన కుడుములకు రెండో పీరియడుకల్లా పుస్తకాలన్నీ ఏలకుల వాసన కొట్టేవి. ఇక బడిగేటు పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక అవ్వ కూర్చునేది, ముందు ఉప్పునీళ్ళలో ఊరిన ఉసిరికాయలు, కారం అద్దిన మామిడిబద్దలు, రేగుపళ్ళు. గంట కొట్టేలోగా ఆడపిల్లలందరం ఆమె మీద పడి, తలా ఒక ఉసిరికాయ బుగ్గన పెట్టుకుని లోపలికి పరుగెత్తేవాళ్ళం. ఇలాంటి వ్యాసాల్లో ఇక్కడ కళ్ళు చెమర్చాలి. నాకైతే ఒళ్ళు మండుతుంది.

ఎందుకంటే ఆ ఉసిరికాయ రుచి కోసం కాదు, దాహం తెలియకుండా ఉండటం కోసం. బడిలో ఆడపిల్లలకని ఒక మరుగుదొడ్డి ఉండేది. నీలంరంగు తలుపు, లోపల తెల్లటి గచ్చు, ఎప్పుడూ అద్దంలా ఉండేది, ఎప్పుడూ బీగం వేసే ఉండేది మరి. ఇన్‌స్పెక్షన్ నాడు తీసి, చూపించి, మళ్ళీ వేసేవాళ్ళు. తాళంచెవి హెడ్‌మాస్టరు సొరుగులో. మగపిల్లలకు వెనక గోడ ఉంది, మాకేముంది? మధ్యాహ్నం ఇంటికి పోయిరావాలంటే పట్టాలు దాటాలి, పొద్దునా సాయంత్రం దాటించే పెద్దవాళ్ళు అప్పుడుండరు, వాళ్ళు లేకుండా దాటొద్దని ఇంట్లో ఒట్టు వేయించుకున్నారు. అందుకని పొద్దున నిద్ర లేచిందగ్గర్నుంచి చుక్కనీళ్ళు ముట్టేవాళ్ళం కాదు. తొక్కుడుబిళ్ళ ఆడటం, పూలు కట్టడం నేర్పినట్టే, ఉసిరికాయను కొరక్కుండా మధ్యాహ్నందాకా బుగ్గన ఎలా దాచుకోవాలో పెద్ద తరగతి అక్కలు చిన్నవాళ్ళకు నేర్పేవాళ్ళు. నాకు విజయక్క నేర్పింది. పక్కింటి పిల్ల, నాకంటే పెద్దది, బడికి పోయేటప్పుడు నా చెయ్యి వదిలేది కాదు.

ఒక ఎండాకాలం నాకు చలిజ్వరం పట్టుకుంది. ఒంటికి పోవాలంటే మంటకు ఏడుపు. ఆస్పత్రిలో డాక్టరమ్మ నీళ్ళు తాగవా అని గద్దిస్తే ఉసిరికాయ సంగతి చెప్పేశాను. ఆ నెల తల్లిదండ్రుల కూటానికి అమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నాన్నలు బెంచీల మీద కూర్చోవడం, అమ్మలు వెనక గోడకానుకుని నిలబడి వినడం అక్కడి ఆనవాయితీ. ముందు కుర్చీలో తల్లిదండ్రుల ప్రతినిధి, పెయింట్ల కొట్టు యజమాని, బడికి తానిచ్చిన ఫ్యాను కిందే కూర్చుని, దాని మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్న మహానుభావుడు. అమ్మ గోడ వదిలి బెంచీల మధ్యకు నడిచింది.

“అయ్యా, ఈడ చదివే ఆడబిడ్డలు పొద్దుగూకేదాకా నీళ్ళు తాక్కుండా ఉండారు. ఆ బీగం తీయండి.”

ఆయన హెడ్‌మాస్టరు వైపు చూసి నవ్వాడు. “తీస్తే గలీజు చేస్తారమ్మా. ఇయ్యి కూటంలో మాట్లాడే మాటలా?”

బెంచీలన్నీ నవ్వాయి. నాన్న తల దించుకున్నాడు. అమ్మ మాత్రం మళ్ళీ గోడ దగ్గరకు పోలేదు, కూటం ముగిసేదాకా అక్కడే, ఆ బెంచీల మధ్యే నిలబడింది. బీగం తీయలేదు.

మరుసటేడు విజయక్క పెద్దమనిషయింది. ఆ నాలుగు రోజులు బడిలో ఎట్లా గడుపుతుందని వాళ్ళమ్మ అడిగితే జవాబు చెప్పినవాడు లేడు. అంతే, మానిపించేశారు. లెక్కల్లో మగపిల్లల్ని ఏడిపించిన పిల్ల, కిటికీ దగ్గర కూర్చుని మల్లెలు కడుతూ, నేను ఒంటరిగా బడికి పోతుంటే మలుపు తిరిగేదాకా చూసేది. దానికి చదువు అబ్బలేదని వీధిలో చెప్పుకున్నారు. అబద్ధాలకోరులు. వాళ్ళను ఈరోజుకీ నేను క్షమించలేదు.

ఇప్పుడు వ్యాసర్పాడిలో ఆ అవ్వ లేదు, గోనెపట్టా లేదు. నాన్న చొక్కా వాసన లేదు. అమ్మా లేదు. మా పాప బడికి గాజుతలుపులు, ఏసీ హాలు, మరుగుదొడ్లలో మెరిసే టైల్స్. అందులో మంచిదానికి ‘అతిథులకు మాత్రమే’ అని బోర్డు, కింద బీగం. పిల్లలకు వదిలినదానికి గడియ ఊడిపోయి చాలాకాలమైంది. రెండుసార్లు వెళ్ళి చెప్పాను, రెండుసార్లూ చక్కగా నవ్వి పంపారు. మొన్న ఉండబట్టలేక, దాహం వేయదటే నీకు అని పాపను నిలదీశాను.

“పుల్ల మిఠాయి చప్పరిస్తే తెలీదు మా. సీనియర్ అక్కలు చెప్పిచ్చినారు.”

ఆ రాత్రే అరపేజీ పూర్తిచేశాను.

మా ఆయన గుంటూరు మనిషి, నెమ్మదస్తుడు. నేను రాసింది చదివి, “నీకు ఓట్లు కావాలా, గొడవ కావాలా?” అన్నాడు. నిజమే, మిగతావాళ్ళంతా నాయకత్వం, దార్శనికత అని నున్నగా రాశారు. నాలాంటిదానికి ఓటెవరేస్తారు? పైగా పాపను రేపు క్లాసులో ఏడిపిస్తారేమోనని నాకూ గుబులే. అందుకే కాగితం దాని చేతికే ఇచ్చాను, నువ్వు వద్దంటే చించేస్తానని చెప్పాను. అది చదువుతూ చదువుతూ, నిండుగా తిరిగొచ్చిన ఆ సీసా ఎత్తి, గుక్క తిప్పుకోకుండా గటగటా తాగేసింది. పొద్దుటి దాహమంతా అప్పుడు తీర్చుకుంది. మూతి తుడుచుకుని కాగితం తిరిగిచ్చింది.

“నా పేరు పెట్టొద్దు మా. బీగం సంగతి తీసేయొద్దు.”

తీసేయలేదు. శనివారం వెనక వరుసలో కూర్చోను, బెంచీల మధ్యకు వెళ్ళి నిలబడే చదువుతాను. నా అరపేజీ ఇలా మొదలవుతుంది: ‘నా బాల్యంలో తీయని బీగం ఒకటి మీ దగ్గరుంది. తీయండి.’