బిగుసుకుపోయిన పళ్ళ సెట్టు

ఊళ్ళో ఆయన్ని పళ్ళ మేస్త్రి అంటారు. మామూలు మేస్త్రులు గోడలు కడితే ఈయన నోళ్ళు కడతాడు. పన్ను పీకడం, మందు రాయడం ఈయన పని కాదు. ఉన్నవన్నీ పోయాక, బోసినోటితో నలుగురిలోకి వెళ్ళలేక, చేతిరుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవాళ్ళు ఈయన కొట్టు మెట్లెక్కుతారు. "పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం. కట్టించుకోడానికి మాత్రం చెయ్యి చూసుకుని రావాలి" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. వాళ్ళు నవ్వుతుంటే నోట్లోకి తొంగిచూసి, ఇంకా ఏవైనా మిగిలాయేమో చూసుకుంటాడు. అలవాటు అలాంటిది.

కొట్టంటే ఒక ఇరుకు గది. ఒక పక్క గడియారాలు బాగుచేసేవాడు, మరో పక్క చెప్పుల దుకాణం. లోపల దేని మీద వేలు పెట్టినా తెల్లటి ప్లాస్టరు దుమ్ము అంటుకుంటుంది. గులాబీరంగు పొడిని ఘాటు వాసనొచ్చే ద్రవంతో కలిపి, అచ్చులో బిగించి ఉడకబెడితే అదే చిగురూ అంగిలీ అవుతుంది. ఆ వాసన ఎన్నిసార్లు ఉతికినా ఆయన చొక్కాల్ని వదలదు. బల్ల మీద ఒక చిన్న మోటారు, దాని కొసన గిరగిరా తిరిగే సానరాయి ఉంటాయి. ఎవరైనా వచ్చి సెట్టు ఒరుసుకుంటోందంటే, చిగురు మీద పుండు పడ్డ చోట ఊదారంగు పెన్సిలుతో చుక్క పెట్టి సెట్టు తొడుగుతాడు. చుక్క సెట్టుకి అంటుకుంటుంది. అంటుకున్న చోట అరగదీస్తాడు. నాలుగు రోజుల్లో పుండు మానిపోతుంది. ఆయన వైద్యమంతా ఇంతే. అది ఎన్నడూ తప్పలేదు, తప్పకపోవడమే చివరికి ఆయన కొంప ముంచింది.

ఆయనకు ఒక్కతే అక్క. తల్లి పోయాక ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వచ్చి ఆగుతోందో చెప్పడం ఆమె ఉద్యోగం. మొహం తెలిసినవాళ్ళు తక్కువే గాని, ఆ గొంతు తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు. ఆమె బజారులో కూరగాయలు బేరమాడుతుంటే, వెనక నిలబడ్డవాళ్ళు సంచులు సర్దుకునేవారని ఒక వేళాకోళం ఉండేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈవిడ నోరు తెరిస్తే ఊరు బయల్దేరేది.

చిగుళ్ళ జబ్బు వచ్చి పళ్ళన్నీ కదిలిపోయి తీయించుకోవలసి వచ్చినప్పుడు ఆమె పళ్ళ కోసం ఏడవలేదు, మైకు కోసం ఏడ్చింది. తమ్ముడు సెట్టు కట్టాడు. మొదట్లో కొన్ని మాటల దగ్గర ఈల వచ్చేది. ఆయన కొట్టు మూసుకుని బస్టాండు బెంచీ మీద కూర్చుని, ఆమె చెప్పేదంతా చెవులు రిక్కించి వినేవాడు. సాయంత్రం సెట్టు తీసుకుని ముందు పళ్ళను వెంట్రుకవాసి జరిపేవాడు. మర్నాడు మళ్ళీ బెంచీ మీదే. "బస్సు ఎక్కవు, దిగవు, ఎవరయ్యా నువ్వు?" అని కాపలావాడు గదమాయిస్తే, "ఆ గొంతు బాగుచేసేవాణ్ణి" అన్నాడట. చివరికి ఈల పోయింది. అక్క నోట్లో తన చేతికి లొంగనిది ఏదీ ఉండదని ఆ రోజున ఆయనకు నమ్మకం కుదిరింది. నమ్మకమని మర్యాదకి అంటున్నాను గాని, అది పొగరే.

ఆమె ఉద్యోగం నుంచి దిగిపోయిన కొన్నేళ్ళకి, పై సెట్టు ఎడమ పక్క ఒరుసుకుంటోందని కొట్టుకి వచ్చింది. ఆయన చుక్క పెట్టాడు, అరగదీశాడు.

"ఇప్పుడెలా ఉందక్కా?"

"హాయిగా ఉందిరా. నీ చెయ్యి పడ్డాక పోనిదేముంది."

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. అదే పక్క, అదే చోటు. మళ్ళీ అరగదీశాడు. ఆ తర్వాత రావడం మామూలైపోయింది. కొత్త సెట్టు కట్టిచ్చాడు. అది కూడా ఒరుసుకుంది.

ఈ సంగతి ఆమె కూతురికి నచ్చలేదు. ఆ అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది, నలుగురి రోగాలూ వింటూ ఉంటుంది. ఒకరోజు తల్లిని వెంటబెట్టుకుని కొట్టుకి వచ్చి, బల్ల ముందు నిలబడింది.

"మామయ్యా, అమ్మకి ఇంప్లాంట్లు వేయిద్దామనుకుంటున్నా. కొత్త క్లినిక్కులో బాగా చేస్తున్నారట. ఎముకలోకి చిన్న స్క్రూ దించి, దాని మీద పన్ను బిగిస్తారు. తీసి గ్లాసులో వేసుకునే బాధ ఉండదు."

"గోడకి మేకులు కొట్టినట్టు మీ అమ్మ దవడకి కొట్టిస్తావా?"

"ఊరికే కొట్టరు. ముందు స్కాన్ తీసి, లోపల ఎముక ఎలా ఉందో చూస్తారు."

"ఈ నోరు నాకు తెలిసినంత ఏ స్కానుకి తెలుస్తుందే? అరిగిపోయిన ఎముక. స్క్రూ పట్టదు."

మేనకోడలు తల్లి వైపు చూసింది. తల్లి తమ్ముడి వైపు చూసి, "వాడు వద్దంటున్నాడు కదే" అంది. అక్కడితో ఆ మాట ముగిసింది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. అయినా అసలు మంట వేరే ఉంది. ఆ క్లినిక్కు అద్దాల తలుపులు తెరిచినప్పటి నుంచి ఈయన మెట్లెక్కేవాళ్ళు పలచబడ్డారు. సొంత అక్క కూడా ఆ తలుపు తోసుకుని లోపలికి వెళితే ఊరు ఏమనుకుంటుందని ఆయన బాధ. పెద్దావిడ నోటికంటే తన పరువు పెద్దదైపోయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె వచ్చి కుర్చీలో కూర్చుంది. ఆమె రుమాల్లో చుట్టి తెచ్చిన సెట్టుని ఆయన కడిగి తొడగబోయాడు. ఎప్పుడూ జారినట్టు వెళ్ళి కూర్చునేది సగంలో ఆగింది. కొంచెం నొక్కాడు. కూర్చోలేదు.

పళ్ళు లేని చిగురు ఏటేటా అరిగిపోతుంది. పాతబడ్డ సెట్టు వదులవుతుంది, ఊగుతుంది, మాట్లాడుతుంటే జారి పడుతుంది. అలా వదులైన సెట్లు బిగించుకుంటూనే ఆయన బతుకు గడిచింది. తొడిగిన సెట్టు రోజులు గడిచేకొద్దీ బిగుసుకోవడమనేది ఆయన ఏ నోట్లోనూ చూడలేదు. అరగడమే తెలిసిన చిగురు లోపల పెరుగుతోందంటే, పెరిగేది చిగురు కాదు. ఇది ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ తర్వాత ఆయన మోటారు స్విచ్చి వేసి, ఎడమ పక్కంతా పలచగా అరగదీసి, మళ్ళీ తొడిగాడు. ఈసారి కూర్చుంది.

"ఎలా ఉంది?"

"తగ్గిందిరా" అంది ఆమె.

తగ్గిందన్న ఆ మాటని ఆయన గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు మరి. ఒకసారి ఇంటికి వెళితే అక్క కాఫీ తాగుతుంటే ఎడమ పెదవి పక్కనుంచి గడ్డం మీదికి కారుతోంది. "చంటిపిల్లవయ్యావా అక్కా" అని నవ్వాడు. ఆమె తుడుచుకుని, "అక్కడ తడి తెలియడం లేదురా, తిమ్మిరెక్కినట్టుంది" అంది. చలికి అన్నాడు. ముక్కు తుడుచుకున్న రుమాలు మీద నెత్తుటి చారలు కనబడితే వేడి చేసిందన్నాడు. ఆమె మాట కొద్దికొద్దిగా ముక్కులోకి పోతోంది. ఒకప్పుడు బెంచీ మీద కూర్చుని వెంట్రుకవాసి ఈలని పట్టుకున్న చెవులవి. వాటికి ఇది వినబడకుండా ఎలా ఉంటుంది? జలుబన్నాడు. ఒకే మనిషికి ఒకే పక్క ఇన్ని చిన్న జబ్బులు వస్తాయా అని ఎవరైనా అడిగి ఉంటే ఏమనేవాడో గాని, అడిగేవాళ్ళు లేకుండా చూసుకున్నాడు. మేనకోడలు వస్తోందంటే కొట్లో పనుందని లేచి వెళ్ళిపోయేవాడు.

చివరికి ఆ అమ్మాయే ఈయనకి చెప్పకుండా తల్లిని అద్దాల తలుపుల క్లినిక్కుకి తీసుకెళ్ళింది. సాయంత్రం కొట్టుకి వచ్చింది. మోటారు తిరుగుతోంది. దాన్ని తనే ఆపింది.

"ఇంప్లాంట్ల గురించి అడగడానికని వెళ్ళాం మామయ్యా. వాళ్ళు స్కాన్ తీసి, పళ్ళ మాట ఎత్తలేదు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు."

ఆయన ఎందుకని అడగలేదు. అడగకపోవడం ఆ అమ్మాయి గమనించింది.

పెద్దాసుపత్రిలో లోపలి ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ ముగ్గుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. ఎడమ పైదవడలో గడ్డ ఉంది. మంచి గడ్డ కాదు. దవడా, అంగిలీ ఆ పక్కంతా తీసేయాలి. ఎంతవరకు పాకిందో తెరిచాక గాని తెలియదు.

"ఈ పుండు ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగింది.

మేనకోడలే చెప్పింది.

"సెట్టు ఒరుసుకుని వచ్చింది కాదండీ ఇది. గడ్డే పెరిగి సెట్టుని తోసింది. మొదట్లోనే వచ్చుంటే చిన్న ముక్క తీస్తే సరిపోయేదేమో" అంది డాక్టరమ్మ. ఎవర్నీ తప్పుపట్టినట్టు అనలేదు. తప్పుపట్టినా బాగుండేదని ఆయనకి అనిపించింది. ఆమె చెప్పాల్సింది ఇంకా ఉంది. అంగిలి తీసేస్తే నోరూ ముక్కూ కలిసిపోతాయి. తాగిన నీళ్ళు ముక్కులోంచి వస్తాయి, మాట గాలైపోతుంది. అందుకని ఆ ఖాళీని మూసే పలక, పళ్ళతో సహా, చేయించి పెట్టుకోవాలి. ఆసుపత్రిలో ఆ పని చేసే మనిషి ఉన్నాడు.

"మా తమ్ముడు చేస్తాడు" అంది అక్క.

ఆపరేషన్‌కి ముందు అచ్చు తీయడానికి ఆయన మంచం దగ్గరికి వచ్చేసరికి మేనకోడలు మందులకని వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళే మిగిలారు. ఆయన గిన్నెలో పొడి పోశాడు గాని నీళ్ళు కలపలేదు.

"నాతో వద్దక్కా. ఇక్కడి మనిషినే చెయ్యనీ."

"నా నోట్లో ఇంకొకడి చెయ్యా? కానివ్వరా."

"నువ్వు తగ్గిందంటుంటే నేను..." అని ఆగిపోయాడు.

"ఒక్కసారి కూడా తగ్గలేదురా" అంది ఆమె మామూలుగా. "తగ్గలేదంటే నీ మొహం మాడిపోయేది. తిండి మానేసి దాన్నే ముందేసుకుని కూర్చునేవాడివి. నీ పని చెడిందని నా నోటితో ఎలా అనను?"

ఒక్క పన్నయినా లేని మనిషి అన్నాళ్ళూ పంటి బిగువున భరించింది. తమ్ముడి మొహం వెలగడం కోసం. ఆయనకి ఏడుపు ఆగలేదు. మంచం కోడు పట్టుకుని, తలెత్తకుండా, "నాకు తెలిసిందక్కా. అది బిగుసుకున్న రోజే తెలిసింది" అన్నాడు.

"తెలుసు. నీ చెయ్యి ఆగింది కదా" అంది.

తర్వాత ఆయన లేచి మొహం కడుక్కుని వచ్చి, పొడిలో నీళ్ళు కలిపాడు. ఆమె నోరు తెరిచింది.

ఆపరేషన్ అనుకున్నదానికంటే చాలాసేపు పట్టింది. కంటికి కనిపించిందంతా తీసేశామని డాక్టరమ్మ చెప్పింది. కనిపించింది అన్న మాట మీద ఆమె కొంచెం ఆగిందని పళ్ళ మేస్త్రికి అనిపించింది. లోపల పెట్టిన కట్టు విప్పేవరకు అక్క మాట్లాడలేదు. మాట్లాడబోతే ముక్కులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఒక చెంప లోపలికి పోయింది. మంచం పక్కనుంచి ఎవరైనా వెళుతుంటే తల తిప్పేసుకునేది. ఆ రోజుల్లో ఆయన కొట్లో పలక మీద పని చేస్తూనే ఉన్నాడు. కట్టు మార్చినప్పుడు తీసిన కొత్త అచ్చుకి సరిపోయేలా మైనం పోసి, తీసి, మళ్ళీ పోశాడు. పెళ్ళాం అన్నం పెట్టి పిలిస్తే వస్తున్నానన్నాడు గాని, రాలేదు.

కట్టు విప్పి, పుండు మానుతోందని చెప్పిన రోజున పలక పట్టుకెళ్ళాడు. మేనకోడలు మంచం అవతల నిలబడింది. ఆయన పలక తడిపి నెమ్మదిగా ఎక్కించాడు. ఎక్కడా అడ్డం పడకుండా వెళ్ళి కూర్చుంది. ఇన్నేళ్ళ పనిలో అంత బాగా కూర్చున్నది ఇంకోటి లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. సంతోషించడానికి భయపడ్డాడు.

"నొప్పేమైనా ఉందా అక్కా?" అని అడిగాడు. ఆమె అలవాటుగా ఆయన మొహంలోకి చూసింది. "నా మొహం చూడకు. ఆ గోడకేసి చూసి చెప్పు" అన్నాడు.

ఆమె గోడ వైపు తిరిగింది.

"ఉంది" అంది.

మాట ముక్కులోకి పోలేదు. స్పష్టంగా, నిండుగా, వెనకటి గొంతుతోనే వచ్చింది. మేనకోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, తల్లికి మాట వచ్చిందని. ఆ అమ్మాయి అంతవరకే విన్నది.

"ఎక్కడ?" అన్నాడు ఆయన.

అక్క చెయ్యి ఎత్తింది. పలక కట్టిన ఎడమ పక్కకి తీసుకెళ్ళలేదు. కుడి పక్క, దవడ కింద, మెడ మొదలయ్యే చోట వేలు పెట్టింది. ఆయన తన వేళ్ళతో అక్కడ తడిమాడు. చర్మం కింద గట్టిగా, గుండ్రంగా, చింతగింజంత తగిలింది.

ఏ సెట్టూ, ఏ పలకా తగిలే చోటు కాదది. ఆయన చెయ్యి ఈసారి కూడా ఆగింది. తర్వాత ఆ వేళ్ళతోనే ఆమె చెంప ఒకసారి నిమిరి, మేనకోడలితో ఏమీ చెప్పకుండా, డాక్టరమ్మని పిలవడానికి బయటికి నడిచాడు.