మందు పడట్లేదని యాదన్న చెప్పాడు

నిన్న పొద్దున తార్నాక మెట్రో మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. డిపార్ట్‌మెంట్ నుంచి.

"యాదన్న పోయిండు. గుండె ఆగిందంట."

ఏ యాదన్న అని అడిగాను. మా ల్యాబ్‌లో ఉన్నది ఒక్కడే యాదన్న. అయినా అడిగాను.

తెలియనివాళ్ల కోసం: యూనివర్సిటీలో మా సముద్రపు చేపల ల్యాబ్ అటెండర్ యాదగిరి. నేను అక్కడ పీహెచ్‌డీ చేస్తున్నా. కాగితం మీద గైడ్ వేరే. నాకు చేపను చూడటం నేర్పింది మాత్రం ఈయనే.

కొత్తగా వచ్చిన చేపల్ని క్వారంటైన్ ట్యాంకులో పెట్టి, ఒంటి మీది పురుగు పోవడానికి నీళ్లలో కాపర్ మందు కలుపుతాం. యాదన్న మాత్రం ముందు కొన్ని రోజులు ఉత్త మేతే వేసేవాడు. ఏ చేప ఎంత తిన్నదో టేప్ ముక్క మీద రాసి ట్యాంకు అద్దానికి అంటించేవాడు. నాకు మహా విసుగొచ్చేది.

"దాని ఆకలెంతనో ముందుగాల తెల్వాలె తమ్ముడూ. లేకుంటే రేపు తింటలేదని ఎట్ల తెలుస్తది?"

నా మొదటి ఏడాది. మందులో ఉన్న ఏంజెల్ చేప ఒకటి మూలకు చేరి ఆయాసపడుతోంది. రోగం ముదిరిందనుకుని డోస్ పెంచబోయాను. వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు! మందు పొయ్యకముందు మంచిగ తిన్నది. పోసినంక మేత ముడ్తలేదు. ఒంటి మీద పురుగు చుక్క గూడ లేదు. గది రోగం గాదు, మందు పడ్తలేదు. ఇంకింత పోస్తే చంపుతవ్."

మందు లేని ఉప్పునీళ్లలోకి మార్చాం. మూడో రోజు రొయ్య ముక్క అందుకుంది. ల్యాబ్ మొత్తానికి చాయ్ తాగించాడు.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. రాయకపోతే నాకు ఊపిరాడేలా లేదు.

పోయిన వారం ఆయనకు బీపీ గోలీలు మార్చారు. మొన్న మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యకుండా పక్కన పెట్టేశాడు.

"కొత్త గోలీలు పడ్తలేవు తమ్ముడూ. బువ్వ పోతలేదు. ఆయాసమొస్తున్నది."

నేను మైక్రోస్కోప్ మీంచి తల కూడా ఎత్తలేదు.

"బీపీ ఎక్కువై అట్లుంటదిలే. ఆపకు అన్నా, వేసుకో" అన్నాను.

అదే తప్పు. మళ్లీ అదే తప్పు చేశాను.

గోలీల వల్లే పోయాడో కాదో నాకు తెలియదు. కానీ "పదన్నా, డాక్టర్‌కు చూపిద్దాం" అని ఒక్క మాట అనలేదు. ఆటో ఎక్కితే పది నిమిషాలు. ఛీ, నా బతుకు.

నిన్న సాయంత్రం అంబర్‌పేట్ శ్మశానంలో అంతా అయిపోయింది. వదిన ముఖం చూడలేక ల్యాబ్‌కు వచ్చేశాను. అద్దం మీద మొన్నటి టేప్ అలాగే ఉంది. ఆయన చేతిరాత.

"పసుపు చేప సగమే తిన్నది. రేపు సూడాలె."

ఈ పొద్దున దానికి మేత వేశాను. ముట్టలేదు. మందు లేని నీళ్లలోకి మార్చాను. దాని ముందే కూర్చుని ఇది రాస్తున్నా.

క్షమించన్నా.

ఆయాసం లేని చోట నిమ్మళంగా ఉండు. కడుపు నిండా తిను.