మేనత్త గిన్నె పరీక్ష

ముందే ఒప్పేసుకుంటున్నాను. నేను పెంచి చెబుతాను. ఇంటికి ఇద్దరు చుట్టాలొస్తే బారాత్ దిగిందంటాను. జలుబు చేస్తే వీలునామా రాయడానికి కాగితం తెమ్మంటాను. కాబట్టి కింద కనిపించే ప్రతి అంకెనూ చదివేవాళ్ళు తమకు తోచినంత తగ్గించుకోవచ్చు. మా మేనత్త మాటల్లో మాత్రం నేను వేలు పెట్టలేదు. పెడితే ఆమె ఊరుకోదు.

తొంభైల మొదట్లో ఆమె ఎల్లారెడ్డి దవాఖానలో నర్సుగా రిటైరైంది. మామయ్య పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. తాలూకాలో పుట్టిన ప్రతి మనిషినీ ఆమే తలకిందులుగా పట్టుకుని ఏడిపించిందని నా అంచనా. అందులో నేనూ ఉన్నాను. దవాఖాన వెనక క్వార్టరును నెలాఖరుకు ఖాళీ చేయాలి. కొత్త నర్సు అప్పటికే దిగిపోయి, వరండాలో తన ట్రంకుపెట్టె మీద కూర్చుని, లోపల గోడలకు ఏ రంగు వేయించాలా అని కిటికీలోంచి చూస్తోంది.

నేనుండేది కామారెడ్డిలో. ఇంట్లో ఒక గది ఖాళీగానే ఉంది.

"మా ఇంటికే రా అత్తమ్మా" అన్నాను.

"వస్తే ఏమైతదో ఎరుకేనారా అల్లుడా? నీ పెండ్లాం నన్నడగక కూర వండది. నేను నీ పెండ్లాన్నడగక చాయ తాగ. ఇద్దరం ఒకల్నొకలు అడుక్కుంటనే సస్తం."

"మరెట్ల?"

"తాళం నాది గావాలె. పొయ్యి నాది గావాలె. గోడకవతల మాత్రం మనిషుండాలె. గసోంటిది సూడు."

చూడమనడం ఎంత తేలిక! రిటైరైనవాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు వండుకు తింటూ, అందరూ ఒకే ఆవరణలో ఉండే ఏర్పాటు మా దిక్కు అప్పటికి వినడమే తప్ప చూసినవాళ్ళు లేరు. గాంధారి నుంచి పెద్దకొడప్‌గల్ దాకా అడగని టీకొట్టు లేదు. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్య నా స్కూటరు నూటపదహారు సార్లు తిరిగింది. ఆ రోడ్డు మీద ఉన్న గుంతలన్నీ నన్ను పేరుపెట్టి పిలిచే స్థితికి వచ్చాయి. క్వార్టరు ముందు నీడ ఉండదు గనక, వెళ్ళినప్పుడల్లా బండిని సందు చివర, ఊరంతా ఖాలమ్మ అనీ మా మేనత్త ఆపా అనీ పిలిచే ఒక పెద్దామె వాకిట్లో, గోడ పక్కన పెట్టేవాణ్ణి. ఆమె ఉర్దూ బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. వాకిలి చుట్టూ నాలుగు గదులు, మధ్యలో ఒక మేక.

"బండి మేకకు తగలకుండ పెట్టు బేటా" అనేది ప్రతిసారీ. అలాగేనని, ప్రతిసారీ తగిలేటట్టే పెట్టేవాణ్ణి.

మొదట దొరికింది రాజంపేట దారిలో ఒక ఆశ్రమం. మామిడి తోట, చల్లటి గాలి, తెల్లగా సున్నం వేసిన గదులు. నాకు నేనే అక్కడ రిటైరైపోదామనిపించింది. లోపలికి వెళ్ళిన అయిదు నిమిషాలకు మేనత్త బయటికొచ్చింది.

"ఏమైందత్తమ్మా?"

"నాలుగింటికి గంట కొడుతరట. అందరు లేసి భజన జెయ్యాలెనట. ముప్పై ఏండ్లు దవాఖాన గంటకు లేసిన. ఇగ ఎవ్వలు గంట కొట్టినా లెవ్వ. బండి తియ్."

రెండోది కామారెడ్డిలోనే, మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో. రెవెన్యూలో గిర్దావరుగా పనిచేసి, బతుకంతా పొలాలు కొలిచిన పెద్దమనిషి ఒకాయన రిటైరైనవాళ్ళ కోసం వరుసగా పన్నెండు గదులు కట్టించాడు. ప్రతి గదికీ వేరే తలుపు, వేరే తాళం, లోపలే వంటకు గట్టు. గడప నుంచి నల్లా దాకా ఎన్ని అడుగులో ఆయన గొలుసు వేసి కొలిచి చెప్పాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకేం, పని అయిపోయింది, రేపటి నుంచి నా నడుం నాది అనుకున్నాను.

మా మేనత్త నల్లా చూడలేదు, గట్టు చూడలేదు.

"గయన్ని సూపిస్తనే ఉంటరు. పక్క అర్రలోళ్ళను ఎవ్వలు సూపియ్యరు. వాళ్ళను నేనే సూసుకోవాలె. రేపు దీపాలు పెట్టినంక వస్త."

ఆమె పరీక్ష ఏమిటో నాకు అప్పుడే తెలిసిపోయింది. సంచిలో ఎప్పుడూ ఒక చిన్న స్టీలు గిన్నె ఉంటుంది. మా దిక్కు ఇళ్ళల్లో దీపాలు పెట్టాక ఉప్పు, సూది, పెరుగు చుక్క గడప దాటనివ్వరు. ఇంటి లక్ష్మి పోతుందని పట్టింపు. సరిగ్గా ఆ వేళకే పోయి, పాలు తోడు పెట్టుకోవడానికి చెంచెడు పెరుగు అడుగుతుంది. ఇచ్చారా, ఆ పొరుగు మంచిది. ఇవ్వలేదా, నమస్కారం. "పొద్దుగూకినంక కాన్పుకొచ్చినోళ్ళను రేపు రాండ్రి అన్ననా నేను?" అనేది ఆమె వాదన. దానికి జవాబు చెప్పగలిగిన వకీలు ఇంకా పుట్టలేదు. పుట్టినా ఆమె చేతిలోనే పుట్టి ఉంటాడు.

నెలాఖరుకు అయిదు రోజులుంది. కొత్త నర్సు వరండాలోనే బియ్యం ఏరుతోంది. అందుకని నేనొక తెలివైన పని చేశాను. మర్నాడు పొద్దున్నే గిర్దావర్ సాబు దగ్గరికి పోయి, "సాయంత్రం మా అత్తమ్మ గిన్నె పట్టుకుని వస్తది సార్. ఎవ్వరూ కాదనకుండ జర చూడుండ్రి" అని బతిమాలుకున్నాను.

"మీరు ఫికర్ జెయ్యకుండ్రి" అన్నాడాయన. మనిషి మాట ఇస్తే మాటే. కానీ బతుకంతా సర్కారు కొలువు చేసిన మనిషి. నోటిమాటగా చెప్పడం ఆయనకు చేతకాదు. కాగితం మీద రాసి, పన్నెండు గదులకూ తిప్పి, చదివినట్టు అందరి చేతా సంతకాలు పెట్టించాడు. అక్కడున్నవాళ్ళూ అందరూ సర్కారు కొలువు చేసినవాళ్ళే. ఉత్తర్వు అందాక ఆగుతారా?

చీకటి పడింది. దీపాలు వెలిగాయి. మేనత్త గిన్నె తీసి మొదటి తలుపు దగ్గరికి ఇంకా పోలేదు, పన్నెండు తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. పన్నెండు గిన్నెలు బయటికొచ్చాయి.

"నర్సమ్మా, మాది తీస్కోండ్రి!"

"మాది బర్రె పెరుగు నర్సమ్మా, గట్టిగుంటది!"

"నేనింక అడగనే లేదు గదా!" అంది మేనత్త.

చివరి గదిలోని ముసలాయన పెరుగు ముంతతో వరుసంతా నడిచి, గిర్దావర్ సాబు ముందు నిలబడి అడిగాడు.

"సార్, ఇచ్చినట్టు దస్కతు ఏడ పెట్టాలె?"

మేనత్త నా వైపు తిరిగింది.

"ఎవలు నేర్పిచ్చిన్రురా వీళ్ళకు?"

"నాకేమెరుక అత్తమ్మా?"

"నువ్వు పుట్టినప్పుడు సుత గిదే మొఖం పెట్టినవ్. రేపు ఆర్డరు రాకపోతే వీళ్ళు మంచినీళ్ళు సుత పొయ్యరు. నడువ్."

నాకు ఏడుపొక్కటే తక్కువ. తాళం ఆమెది, పొయ్యి ఆమెది, గోడకవతల పన్నెండు మంది. ఇంకేం కావాలి ఈ మనిషికి? ఆ రాత్రి మా ఇంట్లో పడుకుంది. మా ఆవిడా ఆమే కలిసి ఏ కూర వండాలో ఒకరినొకరు అడుక్కుంటుంటే తొమ్మిదిన్నర అయింది. చివరికి పచ్చడితో తిన్నాం.

మర్నాడు ఆమెను దించి రావడానికి ఎల్లారెడ్డి చేరేసరికి సాయంత్రమైంది. బండిని మామూలుగా ఖాలమ్మ గోడ పక్కనే ఆపాను. లోపల దీపం వెలుగుతోంది. మేనత్త క్వార్టరుకు పోయి, పాలు కాచి, గిన్నెలో పోసుకుని ఖాలమ్మ గడప దగ్గరికి వచ్చింది. ఈసారి పరీక్ష కాదు. రెండు రోజులు ఊళ్ళో లేదు గనక ఇంట్లో నిజంగానే పెరుగు లేదు.

"ఆపా, చెంచెడు పెరుగియ్యి."

"దీపం పెట్టినంక పెరుగు బయటికియ్య నర్సమ్మా. మా అమ్మీ నేర్పిన రివాజు. నువ్వెంత పెద్ద నర్సమ్మవైనా ఇయ్య."

హమ్మయ్య అనుకున్నాను. నమస్కారం పెట్టేస్తుంది, ఇక మళ్ళీ కామారెడ్డి గురించి మాట్లాడొచ్చు.

"గిన్నె ఇటు తే" అంది ఖాలమ్మ. "నా ఇంట్లనే నేను తోడేసి పెడుత. పొద్దున వచ్చి తీస్కపో."

"పొద్దెక్కినంక సుత రాకపోతే?"

"నేనే వచ్చి తలుపు కొడుత. తియ్యకపోతే ఇరగ్గొడుత. పెరుగు పులిసిపోతది గదా!"

మేనత్త గిన్నె ఆమె చేతికిచ్చింది. తర్వాత వాకిలి అవతల మూలకు చూసింది.

"ఆపా, గా మూల అర్ర ఖాళీయేనా?"

"ఆరు నెలల సంది ఖాళీయే. నీ అల్లుడు వచ్చినప్పుడల్ల దాని ముంగటనే బండి పెడుతడు. ఒక్కనాడన్న అడగకపాయె."

నేను నవ్వి, "నీ ఇష్టం అత్తమ్మా, నువ్వు సుఖంగా ఉంటే అంతే చాలు" అన్నాను.

ఇప్పుడు ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంటాను. గదులు పన్నెండు కాదు, అయిదు. వాటిలో తెరుచుకున్న తలుపులు నాలుగు. స్కూటరు తిరిగింది తొమ్మిది సార్లు. ఇవన్నీ పెంచినవే గాని కల్పించినవి కావు. కల్పించింది ఒక్కటే, పైన నేను నవ్వి అన్న ఆ మాట. నేను నవ్వలేదు. ఆ మాట అనలేదు. "గీ మేకల కొట్టం కోసమా నన్నిన్ని రోజులు తిప్పినవ్?" అని వాకిట్లో అందరూ వినేటట్టు అరిచాను. ఖాలమ్మ పెట్టిన చాయ్ ముట్టకుండా బండి తీశాను. సామాను మార్చిన రోజు పోలేదు. ఆమె పెట్టెలను కొత్త నర్సు మోసిందట. నాకు కోపం బండి గురించి కాదు. నడిచిపోయేంత దూరంలో ఉంటుందనుకున్న మనిషి మళ్ళీ అంత దూరంలోనే ఉండిపోయింది.

నెల తర్వాత ఒక పొద్దున పోయాను. మూల గదికి తాళం వేసి ఉంది, తాళం ఆమెదే. గడప మీద కూర్చున్నాను. ఖాలమ్మ ఇంట్లోంచి మేనత్త పెరుగు గిన్నె పట్టుకుని వస్తూ నన్ను చూసింది.

"వచ్చినవా? ముందుగాల బండి మేకకు తగలకుండ పెట్టు" అంది.

లేచి, పక్కకు పెట్టాను.