పగలు నిద్రపోయే మనిషి

మా ఆయన మెట్టుగూడలో రైలు బోగీల్లో ఇచ్చే దుప్పట్లు ఉతికే పని చేస్తాడు. ఒక వారం పగలు డ్యూటీ, ఇంకో వారం రాత్రి. మొన్న గుండె దడగా ఉందని చూపించుకుంటే, నిద్ర వేళ ఇలా మారుతూ ఉంటే గుండెకు భారమని, రోజూ ఒకే వేళకు పడుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది.

రాత్రి డ్యూటీ వారంలో ఆయన పగలు పడుకుంటాడు. విజిల్‌కు లేస్తాడని కుక్కర్ మానేసి గిన్నెలో అన్నం వండుతున్నాను. నిన్న మధ్యాహ్నం గంజి వార్చి, పొయ్యి మీద కూర పెట్టి వచ్చి చూస్తే ఆయన కప్పుకున్న దుప్పటి కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా ఊపిరి తగిలింది.

ఆయన కళ్లు తెరిచి నవ్వాడు. "ఏందే, ఉన్ననా పోయిననా అని చూస్తున్నవా?"

"గట్లనకు. పగటి డ్యూటీ ఒక్కటే ఇయ్యమని సూపర్‌వైజర్‌ని అడుగుతనంటివి గదా, అడిగినవా?"

"అడిగిన. అందరికీ గిట్లనే మారుతదన్నడు. నువ్వు పరేషాన్ గాకు, జెర పండనియ్యి."

అటు తిరిగి మళ్లీ నిద్రపోయాడు. నేను అక్కడే కూర్చుని ఆ దుప్పటి లేచి దిగడం చూస్తూ ఉన్నాను. కూర మాడిన వాసన వచ్చింది. అయినా లేవలేదు.